కిడ్నీ ధమని ఉబ్బుకు ఆపరేషన్: నల్లగొండ, పాలమూరు వైపు పేషెంట్లకు అందుతున్న సేవ మీద సమీక్ష

కిడ్నీకి రక్తం తీసుకుపోయే ధమని ఒకచోట సంచిలాగా ఉబ్బితే దాన్ని రీనల్ ఆర్టరీ అన్యూరిజం అంటారు. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వైపు వాళ్లకు ఇది బయటపడేది సొంత జిల్లాలో, బాగుచేయించుకునేది హైదరాబాద్‌లో. రెండు చోట్లా అందే సేవను కలిపి చూస్తే ఆపరేషన్ బల్ల మీద జరిగే పని మంచి స్థాయిలో ఉంది. లోపం ఎక్కువగా దానికి ముందిచ్చే స్కాన్ రిపోర్టులో, ఆ తర్వాత ఇచ్చే డిశ్చార్జి సమ్మరీలో ఉంది. అందుకే ఏ దవాఖాననైనా మేం ముందుగా ఆ రెండు కాగితాలతోనే కొలుస్తాం.

ఈ ధమని లావు మామూలుగా 5 నుంచి 6 మిల్లీమీటర్లు. దానికి ఒకటిన్నర రెట్లు మించి ఉబ్బితే అన్యూరిజం కింద లెక్క. కుడివైపు ఎక్కువ, ఆడవాళ్లలో ఎక్కువ. మెయిన్ ధమని కొమ్మలుగా చీలే పంగ దగ్గర లేవడం ఎక్కువ. ధమని గోడలో కండరం, నార అడ్డదిడ్డంగా పెరిగే ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా, కొవ్వు పేరుకొని గోడ చెడిపోవడం, ధమని గోడకు వాపు తెచ్చే, మన దేశంలో తరచూ కనిపించే టకాయాసు ఆర్టరైటిస్, పుట్టుకతోనే గోడ పలచగా ఉండే ఎలర్స్ డాన్లోస్ జబ్బు, ఇవీ కారణాలు. మర్రిగూడ లాంటి ఫ్లోరైడ్ ఊళ్లలో కిడ్నీకి ఏమొచ్చినా నీళ్ల మీదికే నెట్టేస్తారు. ఫ్లోరైడ్ దెబ్బ ప్రధానంగా పళ్ల మీద, ఎముకల మీద పడుతుంది. ధమని ఉబ్బుకు కారణం అది కాదు కాబట్టి అసలు కారణం వెతకాల్సిందే.

అన్యూరిజం అనగానే "పగులుతది" అని భయపెట్టి అదే వారంలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చే చోటుకు మా దగ్గర తక్కువ మార్కులు. 2015లో 16 వైద్య సంస్థలు కలిసి 676 మంది పేషెంట్లలో 865 ఉబ్బుల లెక్క తీశాయి. వాటి సగటు సైజు ఒకటిన్నర సెంటీమీటర్లు. ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉన్నవాళ్లను సగటున 49 నెలలు చూస్తే ఒక్కరికీ హఠాత్తుగా ప్రమాదం రాలేదు. ఉబ్బు పెరిగింది ఏడాదికి ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే. అమెరికా వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ల సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏ బాధా లేని మనిషికి ఉబ్బు 3 సెంటీమీటర్లు దాటితేనే ఆపరేషన్ ఆలోచించాలి. అంతకు తక్కువైతే ఏడాదికోసారి స్కాన్, వరుసగా రెండుసార్లు మార్పు లేకపోతే ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి చాలు.

అవే మార్గదర్శకాల్లో ఒక మినహాయింపు ఉంది. ఆ రెండు కాగితాల సంగతి పక్కన పెడితే, దాన్ని పట్టించుకోకపోవడమే ఈ సేవలో మాకు కనిపించే అతిపెద్ద లోపం. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడమనిషికి ఉబ్బు సైజు ఎంతున్నా బాగుచేయించాలి. గర్భంతో ఉన్నప్పుడు, ముఖ్యంగా చివరి నెలల్లో ఇది పగిలితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. ఇరవై అయిదేళ్ల అమ్మాయికి 12 మిల్లీమీటర్ల ఉబ్బు కనిపిస్తే "చిన్నదేనమ్మా, మళ్లీ ఏడాదికి రా" అని పంపడం తప్పు. పెళ్లి, కాన్పు విషయం అడగకుండా సైజు మాత్రమే చూసి నిర్ణయం చెప్పే చోట రెండో అభిప్రాయం తీసుకోండి. సైజుతో నిమిత్తం లేకుండా ఆపరేషన్ అవసరమయ్యే వాళ్లు ఇంకా ఉన్నారు: ఆ ఉబ్బు వల్లే పక్కలో నొప్పి ఉన్నవాళ్లు, మూత్రంలో రక్తం పడేవాళ్లు, సంచిలో గడ్డకట్టిన రక్తం ముక్కలై పోయి కిడ్నీలో కొంత భాగం చచ్చిపోయినవాళ్లు, మూడు రకాల మందులు వాడినా బీపీ దిగనివాళ్లు.

బీపీ గురించి ఇంకొక్క మాట. "ఆపరేషన్ అయితే గోలీలు మానొచ్చు" అని హామీ ఇస్తే నమ్మకండి. పైన చెప్పిన లెక్కలోనే, మొండి బీపీకి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 32 శాతానికి బీపీ పూర్తిగా తగ్గింది, 26 శాతానికి కొంత మెరుగైంది. మిగిలిన వాళ్లకు మందులు అట్లాగే ఉన్నాయి.

ఇక జిల్లాలో అందే సేవ. ఈ ఉబ్బు ఎక్కువగా వేరే పనికి తీసిన స్కాన్‌లో అనుకోకుండా దొరుకుతుంది. మన దగ్గర ఆ వేరే పని చాలాసార్లు కిడ్నీలో రాయి. ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది. పాత ఉబ్బు గోడకు సున్నం పడుతుంది. ఎక్స్‌రేలో అది కిడ్నీ గుంట దగ్గర గుండ్రటి ఉంగరంలా కనిపిస్తుంది. మందు ఎక్కించకుండా తీసే మామూలు సీటీ కేయూబీలో కిడ్నీ పెల్విస్‌లోని (కిడ్నీలో మూత్రం చేరే గరాటులోని) రాయిలా అనిపిస్తుంది. దాన్ని రాయి అనుకొని వెనక నుంచి సూది పొడిచినా, పక్కనే ఉన్న రాయిని తరంగాలతో పగలగొట్టబోయినా రక్తం ధారగా పోయే ప్రమాదం ఉంది. తప్పించుకోవడానికి ఖర్చేమీ లేదు. అల్ట్రాసౌండ్ చేసేటప్పుడే కలర్ డాప్లర్ పెట్టి చూస్తే చాలు. రాయిలో రక్తం తిరగదు, ఉబ్బులో ఎరుపు నీలం సుడి తిరుగుతూ కనిపిస్తుంది. అంచు మాత్రమే తెల్లగా ఉండి మధ్యలో ఖాళీగా కనిపించే "రాయి" ఉన్న ప్రతి పేషెంటూ రాయి ఆపరేషన్‌కు ముందు డాప్లర్ అడగాలి. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు వచ్చాక కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ లాంటి రక్తపరీక్షలకు చేతి డబ్బు పెట్టాల్సిన అవసరం తగ్గింది. ఈ భాగం సేవకు మా మెప్పు పూర్తిగా ఉంది.

రాయి ఆపరేషన్ తర్వాత వచ్చే ఉబ్బు వేరే రకం. వెనక నుంచి రంధ్రం చేసి రాయి తీసినప్పుడో, కిడ్నీ బయాప్సీ చేసినప్పుడో లోపలి చిన్న కొమ్మకు గాయమై, దాని పక్కన రక్తం గూడు కడుతుంది. దీన్ని సూడో అన్యూరిజం అంటారు. ఇంటికెళ్లాక రెండు మూడు వారాల్లోపు మూత్రం ఎర్రగా, గడ్డలు గడ్డలుగా వస్తుంది. ఒకరోజు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆగింది కదా అని ఊళ్లో సెలైన్ పెట్టించుకుంటూ కూర్చోవద్దు. దీనికి సైజు లెక్కలు వర్తించవు. తొడ ధమనిలోంచి సన్న గొట్టం పంపి, రక్తం కారే ఆ ఒక్క కొమ్మనే కాయిల్ అనే సన్న లోహపు చుట్టతో మూసేయాలి. ఆ పని చేసేది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. అందుకే డిశ్చార్జి రోజే "మూత్రంలో రక్తమొస్తే రాత్రిపూట ఎక్కడికి పోవాలె సారూ?" అని అడిగి ఆ దవాఖాన పేరు రాయించుకోండి.

రక్తనాళాలను చూపే సీటీ యాంజియో రిపోర్టు దగ్గరికొస్తే మా ఫిర్యాదు గట్టిగానే ఉంది. "కుడి రీనల్ ఆర్టరీ అన్యూరిజం ఉంది, క్లినికల్‌గా సరిచూసుకోగలరు" అన్న ఒక్క వాక్యంతో సర్జన్ ఏమీ తేల్చలేడు. రిపోర్టులో ఉండాల్సినవి ఇవి: ఉబ్బు అత్యధిక వెడల్పు మిల్లీమీటర్లలో, మెడ వెడల్పు, మహాధమని నుంచి దూరం, అది మెయిన్ ధమని మీదుందా కొమ్మ మీదుందా, సంచిలోంచి ఎన్ని కొమ్మలు బయల్దేరుతున్నాయి, లోపల గడ్డ ఉందా, కిడ్నీకి అదనపు ధమని ఏదైనా ఉందా, రెండో కిడ్నీ పరిస్థితి ఏమిటి. ధమని పూసలదండలా కనిపిస్తే అదీ రాయాలి. ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియాకు గుర్తు అదే. అలాంటప్పుడు తల నుంచి పొత్తికడుపు దాకా రక్తనాళాలన్నింటినీ ఒకసారి చూడాలని 2019 అంతర్జాతీయ ఒప్పంద పత్రం చెబుతోంది, ఎందుకంటే మెదడు ధమనిలోనూ ఉబ్బు దాగి ఉండొచ్చు.

ఇంకో చిన్న విషయం పేషెంట్లను చాలా ఇబ్బంది పెడుతుంది. స్కాన్ సెంటర్‌లో ఫిల్ములు ఇచ్చి పంపుతారు. ఫిల్ము మీద ఆపరేషన్ ప్లాన్ చేయడం కుదరదు. ఒక మిల్లీమీటరు లేదా అంతకన్నా సన్న ముక్కలతో మొత్తం స్కాన్ సీడీలో గానీ పెన్‌డ్రైవ్‌లో గానీ కావాలి. అది లేకపోతే హైదరాబాద్‌లో స్కాన్ మళ్లీ తీస్తారు, అంటే డబ్బు మళ్లీ పెట్టాలి, కిడ్నీ మీద కాంట్రాస్ట్ (స్కాన్ కోసం ఎక్కించే మందు) భారం మళ్లీ పడుతుంది. క్రియాటినిన్ ఇప్పటికే ఎక్కువున్న మనిషికి అది నిజమైన నష్టం. నొప్పి గోలీలు రోజూ మింగే అలవాటుంటే స్కాన్‌కు ముందే చెప్పి ఆపాలి.

హైదరాబాద్‌లో ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకు మా జవాబు: ఒకే కప్పు కింద వాస్క్యులర్ సర్జన్, ఇంటర్వెన్షనల్ రేడియాలజీ, కిడ్నీ మార్పిడి చేసే యూరాలజీ బృందం ఉన్న చోటికి. పంజాగుట్ట నిమ్స్ ఆ కోవలోది. వాస్క్యులర్ సర్జరీ విభాగం ఉంది, కిడ్నీ మార్పిడులూ చేస్తారు. ఈ మూడింటిలో ఒకటే ఉన్న చోట పేషెంటుకు ఏది మేలో చూడకుండా, తమకు చేతనైన పద్ధతినే చెబుతారు. ఆరోగ్యశ్రీ 2007లో ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలకు పెరిగింది. కార్డు ఉన్నవాళ్లు అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను కలిసి, తమ ఆపరేషన్‌ను ఏ ప్యాకేజీ కింద పంపుతున్నారో, స్టెంట్, కాయిల్ ఖర్చు అందులో వస్తుందో లేదో కనుక్కోవాలి. అనుమతి రాకముందే ప్రొసీజర్ అయిపోతే తర్వాత డబ్బు రాబట్టడం కష్టం. పథకం కిందికి రాని భాగానికి సీఎం సహాయ నిధి నుంచి ఎల్ఓసీ (ఖర్చు భరిస్తామని దవాఖానకు ఇచ్చే హామీ పత్రం) కోసం దరఖాస్తు పెట్టొచ్చు. దానికి దవాఖాన ఇచ్చే ఎస్టిమేట్ కాగితం తప్పనిసరి.

ఇప్పుడు అసలు పద్ధతులు. ఒక్కోదాని మీద మా తీర్పు ఒక్కోలా ఉంది.

కవర్డ్ స్టెంట్ అంటే గుడ్డలాంటి పొర కప్పిన స్టెంట్. ఉబ్బు మెయిన్ ధమని మీద ఉండి, దానికి అటూ ఇటూ కనీసం ఒక సెంటీమీటరు బాగున్న తిన్నని గోడ ఉంటే ఇది చాలా చక్కని మార్గం. తొడలోంచో చేతిలోంచో పంపుతారు. ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇంటికి. పంగ దగ్గర ఉబ్బుకు మాత్రం ఇది పనికిరాదు. స్టెంట్ పరిస్తే పక్క కొమ్మ నోరు మూసుకుపోయి, ఆ కొమ్మ పోషించే కిడ్నీ ముక్క చచ్చిపోతుంది. ఈ ఉబ్బులు ఎక్కువగా వచ్చేదే పంగ దగ్గర కాబట్టి, చూడకముందే "స్టెంట్ వేసేద్దాం" అన్నచోట జాగ్రత్త పడాలి.

కాయిల్ నింపడం సన్న మెడ ఉన్న సంచులకు బాగుంటుంది. మెడ 4 మిల్లీమీటర్లు దాటితే కాయిల్ జారి ధమనిలోకి వస్తుంది. అప్పుడు అడ్డంగా స్టెంట్ గానీ బెలూన్ గానీ పెట్టి నింపాలి. దీని లోపం కాలక్రమంలో బయటపడుతుంది. కాయిల్ అణిగిపోయి సంచిలోకి రక్తం మళ్లీ వస్తుంది, అంటే స్కాన్లు ఏళ్లతరబడి తప్పవు. ఖర్చు విషయంలో మోసపోయే చోటు కూడా ఇదే. కాయిల్ ఒక్కోదానికి లెక్క కడతారు, ఎన్ని పడతాయో ముందుగా కచ్చితంగా తెలియదు. ఒక్క కాయిల్ ధర, అంచనాగా కనిష్ఠం ఎన్ని, గరిష్ఠం ఎన్ని అన్నది ఎస్టిమేట్‌లో రాయించుకోండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ప్రొసీజర్ రోజు నుంచి 48 గంటలు ఆపి, క్రియాటినిన్ చూశాకే మళ్లీ మొదలుపెట్టాలని చెప్పే చోటు పద్ధతైనది.

పొట్ట తెరిచి చేసే ఆపరేషన్ పాతదే అయినా పంగ దగ్గరి ఉబ్బుకు ఇప్పటికీ మాకు దీని మీదే నమ్మకం ఎక్కువ, వయసు చిన్నదై గుండె బాగున్నవాళ్లకు మరీను. కుడివైపైతే పెద్దపేగు మలుపును, చిన్నపేగు మొదటి వంపును పక్కకు జరిపి ధమనిని చేరతారు. ఎడమవైపైతే పెద్దపేగుతో పాటు ప్లీహాన్ని, క్లోమం తోకను మధ్యకు తిప్పాల్సి వస్తుంది. వాటికి దెబ్బ తగిలే అవకాశం అక్కడే. రక్తం ఆపే క్లాంపు పెట్టేముందు రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కిలో బరువుకు దాదాపు 100 యూనిట్లు, కిడ్నీని కాపాడేందుకు మానిటాల్ 12.5 నుంచి 25 గ్రాములు ఎక్కిస్తారు. ఆ తర్వాత గడియారంతో పోటీ. చల్లబరచని కిడ్నీకి రక్తం ఆగితే అరగంటలోపు పని ముగించాలన్నది లక్ష్యం. సంచిని కోసి తీసేసి, మిగిలిన గోడ సరిపోతే దాన్నే 6-0 లేదా 7-0 పాలీప్రొపిలీన్ దారంతో కుడతారు. సరిపోకపోతే కాలి సఫీనస్ సిర ముక్కను అతుకు వేస్తారు. ధమని చాలావరకు పాడైతే మహాధమని నుంచి కిడ్నీకి అదే సిరతో బైపాస్. అందుకే ఆపరేషన్‌కు ముందే కాలి సిరకు డాప్లర్ చేయాలి, వెరికోస్ ఉన్న సిర పనికిరాదు. పిల్లలకు సిర వాడితే అదీ క్రమంగా ఉబ్బుతుంది, వాళ్లకు పొత్తికడుపులోని అంతర ఇలియాక్ ధమని ముక్క మేలు. టకాయాసు జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు వేసిన కుట్టు సరిగ్గా నిలవదు. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షల్లో అంకెలు దిగేదాకా మందులతో ఆగగలిగితే ఆగాలి.

ఉబ్బు కిడ్నీ గుంట లోపలికి పోయి మూడు నాలుగు కొమ్మలను కలుపుకొని ఉంటే కిడ్నీని బయటికి తీసి బాగుచేసే పద్ధతి ఉంది. తీసిన వెంటనే 4 డిగ్రీల చల్లటి ద్రావణాన్ని ధమనిలోంచి పంపి, సిరలోంచి వచ్చే నీరు తేటపడేదాకా కడుగుతారు. మంచు ముక్కల్లో పెట్టాక అరగంట తొందర ఉండదు, గంటల సమయం దొరుకుతుంది. భూతద్దాల కళ్లజోడుతో ఒక్కో కొమ్మనూ తీరిగ్గా కుట్టొచ్చు. తర్వాత దాన్ని పొత్తికడుపు పక్కన పెట్టి, అక్కడి ఇలియాక్ ధమనికి, సిరకు కలిపి, మూత్రనాళాన్ని బ్లాడర్‌కు కుట్టి మూత్రం సాఫీగా పారడానికి లోపల డీజే స్టెంట్ అనే సన్న గొట్టం పెడతారు. నాలుగు నుంచి ఆరు వారాలకు ఆ స్టెంట్ తీయించుకోవాలి. మరిచిపోతే దాని మీద రాళ్లు కడతాయి, ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇది కిడ్నీ మార్పిడి లాంటిదే కదా అని జీవితాంతం మందులు వాడాలేమోనని చాలామంది కంగారు పడతారు. కిడ్నీ తమదే కాబట్టి ఒంటి తిరస్కారాన్ని అణిచే మందులు అక్కర్లేదు. మార్పిడి బృందం ఉన్న దవాఖానను ఎందుకు ఎంచుకోమన్నామో ఇక్కడ తెలుస్తుంది.

కిడ్నీ తీసేయడం చివరి మార్గం. పగిలి రక్తం పోతున్నప్పుడు ప్రాణం కోసం చేస్తారు, దాని మీద విమర్శ లేదు. తీరికగా చేసే ఆపరేషన్‌లో మాత్రం ఒక్కో కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూపే డీటీపీఏ స్కాన్ చేసి, ఆ కిడ్నీ వాటా పది శాతంలోపే ఉందని తేలితే తప్ప తీసేయడానికి ఒప్పుకోవద్దు. సంతకం పెట్టేముందు "బాగుచేసుడు కుదరకపోతే ఏం చేస్తరు సారూ?" అని అడగండి. సూటిగా జవాబిచ్చే సర్జన్ దగ్గరే ధైర్యంగా చేయించుకోవచ్చు.

ఆపరేషన్ తర్వాత జరిగే తప్పు ఒకటుంది, పైకి కనిపించదు. కుట్టిన ధమని మొదటి రోజుల్లోనే గడ్డకట్టి మూసుకుపోయినా రెండో కిడ్నీ బాగుంటే మూత్రం ఆగదు, క్రియాటినిన్ కూడా కొద్దిగానే పెరగొచ్చు. అంతా బాగుందనుకొని పంపేస్తారు. ఆరు నెలలకు చూస్తే కిడ్నీ ముడుచుకుపోయి ఉంటుంది. దీన్ని పట్టుకునేది మొదటి రోజు, ఇంటికి పంపేముందు చేసే డాప్లర్. ఆ డాప్లర్ రిపోర్టు ఫైల్లో లేకపోతే అడిగి చేయించుకోండి. జ్వరం, పక్కలో పోటు, రక్తపరీక్షలో ఎల్‌డీహెచ్ పెరగడం కిడ్నీలో ఒక ముక్క చచ్చిందనడానికి గుర్తులు. కొత్తగా బీపీ ఎక్కితే కుట్టిన చోట ఇరుకైందేమో చూడాలి.

డిశ్చార్జి సమ్మరీ మీద మా అసంతృప్తి ఇదివరకే చెప్పాం. "రీనల్ ఆర్టరీ రిపేర్ చేయబడింది" అన్న ఒక్క ముక్కతో నల్లగొండలోని డాక్టరు ఏం చూడాలి? ఏ పద్ధతి, సిర ఎక్కడిది, కొమ్మలన్నీ నిలిచాయా, రక్తం ఎంతసేపు ఆగింది, ఇంటికెళ్లేనాటి క్రియాటినిన్ ఎంత, ఇవన్నీ ఉండాలి. స్టెంట్, కాయిల్ పెట్టినవాళ్ల ఫైల్లో ఆ పెట్టె మీది స్టిక్కర్లు అతికించి ఉండాలి. రేపు ఎంఆర్ఐ తీయాల్సి వస్తే అవే అడుగుతారు. స్టెంట్ వేసినవాళ్లు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఎన్ని నెలలు, తర్వాత ఏది కొనసాగించాలో తేదీతో రాయించుకోవాలి. పన్ను పీకించుకోవడానికి పోయి సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోతుంది.

తర్వాతి పరీక్షలకు ప్రతిసారీ హైదరాబాద్ పోనక్కర్లేదు. నెలకు, ఆరు నెలలకు, ఆపైన ఏటా చేసే డాప్లర్, క్రియాటినిన్, బీపీ జిల్లాలోనే అయిపోతాయి. డాప్లర్ చేసే డాక్టరుకు పాత రిపోర్టు చూపిస్తేనే ధమనిలో రక్తవేగం పెరిగిందో లేదో తెలుస్తుంది. కాయిల్ వేసినవాళ్లకు, డాప్లర్‌లో అనుమానం వచ్చినవాళ్లకు మాత్రం సీటీ గానీ ఎంఆర్ యాంజియో గానీ కావాలి.

కిడ్నీని పొత్తికడుపులోకి మార్చినవాళ్ల సమ్మరీలో ఏ పక్క పెట్టారో మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో ఉండాలి, దాని ఫొటో ఒకటి ఇంట్లోవాళ్ల ఫోన్‌లోనూ ఉంచుకోవాలి. మిర్యాలగూడలోనో అచ్చంపేటలోనో ఆ మనిషికి అపెండిక్స్ నొప్పి వచ్చినా, కాన్పుకు పొట్ట కోయాల్సి వచ్చినా, కత్తి పట్టే డాక్టరుకు ఆ సంగతి మత్తు ఇవ్వకముందే తెలియాలి.